తీగ మీద బాణం కీ: సీరియల్ టెర్మినల్ నుంచి వచ్చే ప్రత్యేక కీలను అసెంబ్లీలో చదవడం

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది కాలేజీ ల్యాబులో 8086 ప్రోగ్రాములు రాసినవాళ్ళే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. డాస్‌లో కీబోర్డు చదవాలంటే ప్రాసెసర్‌లోని ఏహెచ్ రిజిస్టర్‌లో సున్నా పెట్టి 16 హెక్స్ ఇంటరప్ట్ పిలుస్తాం. తిరిగొచ్చేసరికి ఏఎల్‌లో ఆస్కీ కోడ్ (అక్షరానికి ఉండే అంకె), ఏహెచ్‌లో స్కాన్ కోడ్ (మీటకి ఉండే అంకె) ఉంటాయి. పై బాణం నొక్కితే ఏఎల్ సున్నా, ఏహెచ్ 48 హెక్స్. కింది బాణానికి 50, ఎడమకి 4బి, కుడికి 4డి. ఏఎల్ సున్నా అయితే ఏహెచ్ చూసుకుంటాం, పని అయిపోతుంది.

ఇదే అలవాటుతో 8051 అనే మైక్రోకంట్రోలర్ చిప్పున్న బోర్డు దగ్గరికొస్తాం. సీరియల్ కేబుల్ పెట్టి, పీసీలో పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి, పై బాణం నొక్కుతాం. బోర్డుకున్న తెర మీద ఒక స్క్వేర్ బ్రాకెట్, దాని పక్కన పెద్ద ఏ అక్షరం పడతాయి. ఇంకోసారి నొక్కితే మళ్ళీ అవే. కేబుల్ పాడైందనో, బాడ్ రేటు (బిట్లు వెళ్ళే వేగం) తప్పు పెట్టామనో అనుకుంటాం. రెండూ బాగానే ఉన్నాయి. ఎడాపెడా వచ్చే చెత్త అయితే ప్రతిసారీ ఒకేలా రాదు కదా.

సంగతేమిటంటే, సీరియల్ తీగ మీద కీలు ప్రయాణించవు. అక్షరాలు మాత్రమే ప్రయాణిస్తాయి. పీసీ కీబోర్డయితే మీట నొక్కినప్పుడు ఒక కోడ్, వదిలినప్పుడు ఇంకో కోడ్ పంపుతుంది. టెర్మినల్ అవన్నీ తన దగ్గరే అరాయించుకుని, చివరికి తేలిన అక్షరాన్ని మాత్రమే తీగ మీదికి వదులుతుంది. షిఫ్ట్ ఒక్కటే నొక్కి పట్టుకుంటే బోర్డుకి ఏమీ రాదు. వేలు ఎప్పుడు తీశారో తెలిసే దారి లేదు. సీరియల్ మీద కారు గేమ్ రాయాలని కొందరికి సరదా ఉంటుంది. బాణం నొక్కి పట్టుకున్నంతసేపు కారు తిరగాలంటే, ఆటో రిపీట్ ఆగిందా లేదా అని ఊహించడం తప్ప గత్యంతరం లేదు.

కంట్రోల్ కీ సంగతి కూడా ఇంతే. కంట్రోల్ పట్టుకుని అక్షరం నొక్కితే ఆ అక్షరం కోడ్‌లో కింది ఐదు బిట్లే మిగులుతాయి. పెద్ద సి కోడ్ 67, కంట్రోల్ సి అయితే 3. ఎమ్ 77, కంట్రోల్ ఎమ్ 13. కానీ 13 అంటే ఎంటర్ కదా? అవును, రెండూ ఒకటే. కంట్రోల్ ఐ, ట్యాబ్ రెండూ 9. కంట్రోల్ హెచ్, బ్యాక్‌స్పేస్ రెండూ 8. కంట్రోల్ పట్టుకుని స్క్వేర్ బ్రాకెట్ నొక్కితే 91లోంచి 27 మిగులుతుంది, అదే ఎస్కేప్. ఎంటర్‌కి ఒక పని, కంట్రోల్ ఎమ్‌కి ఇంకో పని పెట్టాలని ఎవరైనా అడిగితే కుదరదని చెప్పేయండి. తీగ మీద తేడా లేనప్పుడు కోడ్ ఎంత తెలివిగా రాసినా తేడా పుట్టుకురాదు.

బ్యాక్‌స్పేస్ అన్నాను కాబట్టి దాని తగువు కూడా ఇక్కడే తేల్చేద్దాం. కొన్ని టెర్మినళ్ళు 8 పంపుతాయి, కొన్ని 127. పుట్టీ మామూలుగా 127 పంపుతుంది, సెట్టింగులో మార్చుకోవచ్చు. ఈ 127 పేపర్ టేపు కాలం నాటిది. ఏడు బిట్లూ ఒకటి కాబట్టి ఏడు చోట్లా రంధ్రం పొడిస్తే కింద ఏ అక్షరమున్నా చెరిగిపోయేది. మీ కోడ్‌లో 8, 127 రెండింటినీ బ్యాక్‌స్పేస్‌గానే తీసుకోండి. వాడేవాళ్ళని సెట్టింగ్ మార్చుకోమనడం మర్యాద కాదు.

ఇక అసలు విషయం, బాణాలు. ఆస్కీలో పై బాణానికి కోడ్ లేదు. మరి ఎలా పంపాలి? డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళు 1975లో తెచ్చిన వీటీ52 టెర్మినల్ ఎస్కేప్ పంపి దాని వెనకాల ఒక అక్షరం పంపేది. పైకి ఏ, కిందికి బి, కుడికి సి, ఎడమకి డి. ఎస్కేప్ అనేది ఊళ్ళో దండోరా డప్పు లాంటిది. డప్పు మోగిందంటే తర్వాత వచ్చేది మామూలు మాట కాదు, ప్రకటన. 1978లో వీటీ100 వచ్చింది. అది ఎస్కేప్‌కీ అక్షరానికీ మధ్య స్క్వేర్ బ్రాకెట్ పెట్టింది. అంటే పై బాణం 27, 91, 65. మనం తెర మీద చూసిన చెత్త ఇదే. 27 కంటికి కనపడదు, మిగతా రెండూ కనపడ్డాయి.

ఇక్కడితో ఆగితే బాగుండేది. వీటీ100లో అప్లికేషన్ మోడ్ అని ఇంకోటుంది. ఆ మోడ్‌లో ఉంటే బ్రాకెట్ బదులు పెద్ద ఓ వస్తుంది: 27, 79, 65. మన బోర్డు ఆ మోడ్ పెట్టమని అడగకపోవచ్చు. కానీ అంతకుముందు అదే విండోలో నడిచిన ఏదో ప్రోగ్రాము మోడ్ మార్చి, తిరిగి సరిచేయకుండా పోయి ఉండొచ్చు. కాబట్టి రెండూ ఒప్పుకోవాలి.

1983లో వీటీ220 వచ్చి ఇన్సర్ట్, డిలీట్ లాంటి కీలకు అంకెలు ఇచ్చింది. ఎస్కేప్, బ్రాకెట్, అంకె, చివర టిల్డె గుర్తు (~). ఇన్సర్ట్ 2, డిలీట్ 3, పేజ్ అప్ 5, పేజ్ డౌన్ 6. ఫంక్షన్ కీల అంకెలు చూస్తే నవ్వొస్తుంది. ఎఫ్6 నుంచి ఎఫ్10 దాకా 17 నుంచి 21, తర్వాత 22 లేదు, ఎఫ్11 అంటే 23, ఎఫ్12 అంటే 24. కాబట్టి అంకెలోంచి ఏదో తీసేసి కీ నెంబరు కనుక్కుందామంటే లెక్క కుదరదు, పట్టిక పెట్టుకోవాల్సిందే. ఒక తమాషా చెప్పనా, ఈ వీటీ220 లోపల మెదడు 8051 చిప్పే. ఈ వరసలను తయారుచేసి పంపిన చిప్పు మీదే ఈరోజు మనం వాటిని విప్పుతున్నాం.

ఇప్పుడు కోడ్‌లోకి వద్దాం. మొదటిసారి రాసేవాళ్ళు ఇలా రాస్తారు. బైట్ వచ్చిందాకా ఆగు. 27 అయితే ఇంకో బైట్ వచ్చిందాకా ఆగు. 91 అయితే ఇంకోటి వచ్చిందాకా ఆగు. 8051 భాషలో చెప్పాలంటే బైట్ వచ్చిందని చెప్పే ఆర్ఐ బిట్ మీద జేఎన్‌బీ పెట్టి అక్కడే తిరగడం, తర్వాత వచ్చిన బైట్ ఉండే ఎస్‌బఫ్ చదవడం, ఆర్ఐ క్లియర్ చేయడం. ల్యాబ్ రికార్డులో ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ ఎవరైనా ఎస్కేప్ ఒక్కటే నొక్కితే బోర్డు అక్కడే కూలబడుతుంది. తర్వాత నొక్కిన అక్షరాన్ని మింగేస్తుంది. ఆ మధ్యలో ఎల్ఈడీ వెలగదు, మోటారు తిరగదు.

నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. డీకోడర్, అంటే వచ్చిన బైట్లను కీలుగా మార్చే కోడ్, ఎప్పుడూ, ఎక్కడా, బైట్ కోసం నిలబడకూడదు. ఒక బైట్ ఇస్తే తీసుకోవాలి, తన స్థితి మార్చుకోవాలి, వెంటనే తిరిగి వెళ్ళిపోవాలి. కీ పూర్తయితే కోడ్ ఇవ్వాలి, కాకపోతే ఇంకా కాలేదని చెప్పాలి. పెద్ద మాటలో స్టేట్ మెషీన్ అంటారు. అసెంబ్లీలో ఇది సి కంటే అందంగా వస్తుందని నా అభిప్రాయం.

స్థితులు నాలుగు చాలు. సున్నా అంటే మామూలు. ఒకటి అంటే ఇప్పుడే ఎస్కేప్ వచ్చింది. రెండు అంటే ఎస్కేప్ తర్వాత బ్రాకెట్ వచ్చింది. మూడు అంటే ఎస్కేప్ తర్వాత ఓ వచ్చింది. స్థితిని ఆర్7 రిజిస్టర్‌లో పెట్టుకోండి. బైట్‌ని ఆర్6లో దాచి, ఆర్7ని అక్యుములేటర్ ఏలోకి తెచ్చి, ఆర్‌ఎల్ ఏతో రెట్టింపు చేసి, డీపీటీఆర్‌లో పట్టిక చిరునామా పెట్టి, జంప్ ఎట్ ఏ ప్లస్ డీపీటీఆర్. పట్టికలో నాలుగు ఏజంప్‌లు. ఒక్కో ఏజంప్ రెండు బైట్లు కాబట్టే రెట్టింపు.

దీనికంటే ముందు ఒక తనిఖీ ఉండాలి. వచ్చిన బైట్ 27 అయితే ఏ స్థితిలో ఉన్నా సరే, పాతది వదిలేసి ఒకటో స్థితికి వెళ్ళాలి. మధ్యలో ఒక బైట్ పోయినా తర్వాతి ఎస్కేప్ దగ్గర డీకోడర్ దానంతటదే దారిలో పడుతుంది.

రెండో స్థితిలోనే అసలు పనంతా ఉంది. అంకె వస్తే పాత విలువని పదితో గుణించి కొత్త అంకె కలపాలి. ఎమ్‌యూఎల్ ఏబీ ఉంది కాబట్టి సులువు. కానీ గుణించాక బి రిజిస్టర్‌లో సున్నా కాకుండా ఏమైనా మిగిలితే విలువ పొంగిపోయిందని అర్థం, దాన్ని 255 దగ్గర ఆపేయండి. సెమీకోలన్ వస్తే మొదటి అంకెని దాచి రెండోది మొదలుపెట్టాలి. కంట్రోల్ పట్టుకుని పై బాణం నొక్కితే చాలా టెర్మినళ్ళు ఒకటి, సెమీకోలన్, ఐదు, ఏ అని పంపుతాయి. షిఫ్ట్‌కి 1, ఆల్ట్‌కి 2, కంట్రోల్‌కి 4, అన్నీ కలిపి పైన ఇంకో ఒకటి. కాబట్టి 5 అంటే కంట్రోల్, 6 అంటే కంట్రోలూ షిఫ్టూ.

64 నుంచి 126 మధ్య బైట్ వస్తే వరస ముగిసింది. ఈ నియమం ఈసీఎంఏ-48 ప్రమాణంలో ఉంది. దీన్ని చాలామంది వాడుకోరు, అక్కడే దెబ్బ తింటారు. మీకు తెలియని కీ వచ్చిందనుకోండి, ఏదో ఎఫ్17. అది అర్థం కాలేదని సగంలో సున్నా స్థితికి పోతే మిగిలిన అంకెలు, టిల్డె తెర మీద అక్షరాలుగా పడతాయి. అర్థం కాకపోయినా ముగింపు బైట్ దాకా మింగాలి. ఆ తర్వాతే పట్టికలో వెతికి, లేకపోతే ఊరుకోవాలి. పరిధి తనిఖీకి సీజేఎన్ఈ వాడండి. ఆ ఇన్‌స్ట్రక్షన్ సమానమా కాదా అనే కాక, అక్యుములేటర్‌లో ఉన్నది చిన్నదైతే క్యారీ బిట్ కూడా పెడుతుంది. జంప్ గమ్యం తర్వాతి లైనే పెట్టి కింద జేసీ రాస్తే చిన్నదా పెద్దదా తేలిపోతుంది.

మూడో స్థితిలో ఒక్క బైటే. అక్కడ, రెండో స్థితిలో వచ్చే ముగింపు అక్షరాలకి ఒకటే పట్టిక సరిపోతుంది. ఏ బి సి డి బాణాలు, హెచ్ హోమ్, ఎఫ్ ఎండ్, పి క్యూ ఆర్ ఎస్ వరసగా ఎఫ్1 నుంచి ఎఫ్4. రెండు పట్టికలు రాసి కోడ్ మెమరీ వృథా చేయొద్దు. ఒక చిక్కు మాత్రం ఉంది. కర్సర్ ఎక్కడుందో చెప్పమని టెర్మినల్‌ని అడిగితే జవాబు కూడా ఆర్‌తోనే ముగుస్తుంది. మొదటి అడ్డువరస, రెండో నిలువువరస అన్న జవాబూ, షిఫ్ట్ ఎఫ్3 కీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అడిగినప్పుడు జవాబు, అడగనప్పుడు కీ అనుకోవడమే మార్గం.

ఇక ఒంటరి ఎస్కేప్. ఎవరో మెనూలోంచి బయటికి రావడానికి ఎస్కేప్ నొక్కారు. 27 వచ్చింది, స్థితి ఒకటి అయింది. ఇది కీయా, వరసకి మొదలా? బైట్లు చూసి చెప్పలేం, గడియారం చూసి చెప్పాలి. 9600 బాడ్‌లో స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి పది బిట్లు, అంటే ఒక బైట్‌కి 1.04 మిల్లీసెకన్లు. టెర్మినల్ పంపిన వరస అయితే తర్వాతి బైట్ వెంటనే రావాలి. అందుకని రెండు మిల్లీసెకన్లు పెడదామనిపిస్తుంది. పెట్టకండి. మధ్యలో నెట్‌వర్క్ ఉంటే, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వేరే మెషీన్‌కి వెళ్ళి అక్కడి సీరియల్ పోర్ట్ వాడుతుంటే, మూడు బైట్లూ ఒకే ముద్దగా రావాలని లేదు. నేను 30 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెడతాను. మనిషి ఎస్కేప్ నొక్కి అంత లోపల ఇంకో కీ నొక్కలేడు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంటే పెంచుకోవాలి. టెర్మినల్‌లో మెనూలు గీయడానికి వాడే ఎన్‌కర్సెస్ లైబ్రరీ అయితే ఏకంగా వెయ్యి మిల్లీసెకన్లు ఆగుతుంది, వాడేవాళ్ళకి విసుగొస్తుంది. 300 బాడ్ వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, అక్కడ ఒక బైట్‌కే 33 మిల్లీసెకన్లు పడుతుందని గుర్తుంచుకోండి.

ఈ గడువు డీకోడర్ లోపల చూడకూడదు. టైమర్ జీరో టిక్ వచ్చినప్పుడల్లా ఒక లెక్క తగ్గించండి. లెక్క సున్నా అయి, స్థితి ఇంకా ఒకటే అయితే ఎస్కేప్ కీ ఇచ్చి స్థితి సున్నా చేయండి. రెండో స్థితికీ ఇదే గడువు పెట్టండి. ఆల్ట్ పట్టుకుని బ్రాకెట్ నొక్కితే వచ్చేవి 27, 91 మాత్రమే. గడువు లేకపోతే డీకోడర్ ఎప్పటికీ ముగియని వరస కోసం చూస్తూ ఉంటుంది.

లినక్స్‌లో ఎక్స్86 అసెంబ్లీ రాసేవాళ్ళు ఎవరో చేయి ఎత్తారు. ఇదే డీకోడర్ మీకూ పనికొస్తుంది. ముందు ఐఓకంట్రోల్ కాల్‌తో లైన్ మోడ్, ఎకో రెండూ ఆపాలి, లేకపోతే ఎంటర్ కొట్టేదాకా కెర్నల్ మీకు ఒక్క బైట్ కూడా ఇవ్వదు. గడువుకి విటైమ్ అనే టెర్మినల్ సెట్టింగ్ వాడదామంటే దాని కొలమానం సెకనులో పదో వంతు, 30 మిల్లీసెకన్లు పెట్టలేరు. పోల్ సిస్టమ్ కాల్ వాడండి.

ఇప్పుడు బైట్లు పోయే సంగతి, ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. మెనూ చేశారు. పై బాణం వస్తే లైన్ మళ్ళీ గీస్తున్నారు. 80 అక్షరాల లైన్ 9600 బాడ్‌లో పంపడానికి 83 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సమయమంతా మీ కోడ్, పంపడం అయిందని చెప్పే టీఐ బిట్ కోసం తిరుగుతూ ఉంటుంది, వచ్చేవి చూడదు. ఇంతలో వాడేవాళ్ళు బాణం నొక్కి పట్టుకున్నారు. సెకనుకి 30 రిపీట్లు అనుకుంటే 90 బైట్లు. ఒక్క లైన్ గీసే లోపలే ఏడెనిమిది బైట్లు వచ్చిపడతాయి. ఆర్ఐ ఇంకా క్లియర్ కాకుండానే కొత్త బైట్ పూర్తయితే 8051 పాతదాన్ని ఉంచి కొత్తదాన్ని పారేస్తుంది. వరసలో ముక్కలు మిగులుతాయి. బ్రాకెట్ దగ్గర మొదలయ్యే ముక్క మామూలు అక్షరాలుగా తెర మీద పడుతుంది. డీకోడర్ ఎంత సరిగ్గా రాసినా, ఒక్కోసారి నొక్కితే బాగుండి, పట్టుకుంటే చెడిపోతుందంటే కారణం ఇదే.

మందు కూడా తెలిసిందే, ఇంటరప్టూ రింగ్ బఫరూ. రింగ్ బఫర్ అంటే చివరికొచ్చాక మళ్ళీ మొదటి నుంచి నింపుకునే చిన్న మెమరీ. 8051లో సీరియల్ ఇంటరప్ట్ చిరునామా 23 హెక్స్. రావడానికీ పోవడానికీ అదొక్కటే, కాబట్టి లోపల ఆర్ఐ, టీఐ రెండూ చూడాలి. బఫర్‌ని 30 హెక్స్ నుంచి 3ఎఫ్ హెక్స్ దాకా 16 బైట్లు పెడితే చిన్న సౌకర్యం ఉంది. పాయింటర్‌ని ఒకటి పెంచి, ఎఎన్ఎల్‌తో కింది నాలుగు బిట్లు ఉంచి, ఓఆర్ఎల్‌తో 30 కలిపితే చుట్టు తిరిగి మొదటికొస్తుంది, పోలిక అక్కర్లేదు. రాసే పాయింటర్‌ని ఇంటరప్టే మారుస్తుంది, చదివే పాయింటర్‌ని మెయిన్ లూపే మారుస్తుంది. అందుకే ఇంటరప్ట్‌లు ఆపే పని కూడా లేదు. 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో రెండు బైట్ల మధ్య సరిగ్గా 960 మెషీన్ సైకిళ్ళు ఉంటాయి. ఇంటరప్ట్ రూటీన్‌కి 40 పట్టినా బోలెడు మిగులు. లోపలికి వెళ్ళేటప్పుడు అక్యుములేటర్ ఏనీ, క్యారీ ఉండే పీఎస్‌డబ్ల్యూనీ పుష్ చేయడం మరవకండి. ఇందాక చెప్పిన సీజేఎన్ఈకీ జేసీకీ మధ్యలో ఇంటరప్ట్ వచ్చి క్యారీ మార్చేస్తే, ఆ బగ్ రోజుకోసారి మాత్రమే కనిపిస్తుంది.

ఇంకొకటి, ఇది తెలుగువాళ్ళకీ తగిలే చిక్కు. ప్రమాణంలో ఎస్కేప్, బ్రాకెట్ రెండు బైట్ల బదులు 155 అనే ఒక్క బైట్ పంపొచ్చని ఉంది. ఎస్కేప్, ఓ బదులు 143. డాక్యుమెంట్ శ్రద్ధగా చదివినవాళ్ళు అవి కూడా డీకోడర్‌లో చేరుస్తారు. ఇప్పుడు టెర్మినల్‌లో తెలుగు టైప్ చేయండి. తెలుగు లాంటి లిపులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం మూడు బైట్లు. ఛ అక్షరం 224, 176, 155. ఏ అక్షరం 224, 176, 143. అంటే ఎవరైనా ఏమిటి అని టైప్ చేస్తే, ఏ చివరి బైట్‌ని చూసి డీకోడర్ మూడో స్థితికి పోయి, మ మొదటి బైట్‌ని మింగేస్తుంది. మిగతా అక్షరాలన్నీ బాగుండి, ఏ తర్వాత వచ్చేది మాత్రం చెడిపోతుంది. ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. నా మాటగా చెబుతున్నాను, ఆ ఒంటి బైట్ రూపాలను వదిలేయండి. యూటీఎఫ్-8లో నడిచే టెర్మినల్ వాటిని అలా పంపదు. ఇదే కారణంగా మీ సొంత కీ కోడ్‌లకు 128 పైనున్న అంకెలు వాడొద్దు. ప్రత్యేక కీ అయితే ఒక ఫ్లాగ్ బిట్ పెట్టండి, కోడ్ ఏలో ఇవ్వండి. బిట్ అడ్రసబుల్ మెమరీ 20 హెక్స్ దగ్గర ఊరికే పడి ఉంది కదా.

సరే, బోర్డు కలిపాను. ఇందులో ఉన్నది డీకోడర్ కాదు, వచ్చిన ప్రతి బైట్‌నీ అంకెగా చూపించే చిన్న ప్రోగ్రాము. డీకోడర్ మొదలుపెట్టే ముందు మీరూ ఇది రాసుకోండి, ఇరవై లైన్లు కూడా ఉండదు. పుట్టీలో హోమ్ నొక్కుతున్నాను. 27, 91, 49, 126. అంటే బ్రాకెట్, ఒకటి, టిల్డె. నేను పట్టికలో హోమ్‌కి హెచ్ అని చెప్పాను, పుట్టీ ఒప్పుకోలేదు. ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి హోమ్, ఎండ్ కీలను ఆర్‌ఎక్స్‌విటి పద్ధతికి మారుస్తున్నాను. మళ్ళీ హోమ్. 27, 91, 72, హెచ్ వచ్చింది. ఎండ్ నొక్కుతున్నాను. 27, 79, 119. చిన్న డబ్ల్యూ. మన పట్టికలో ఇది లేదు, చేర్చుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌లో వేరే టెర్మినల్ ఉన్నవాళ్ళు ముందుకు రండి, ఒక్కొక్కటీ కలిపి ఏం వస్తుందో చూద్దాం.